కాంట్రాక్టర్ నాలుగు పేజీల స్పెసిఫికేషన్ ఇచ్చాడు, సంతకం పెట్టే ముందు ఎలా చదవాలి?

గార_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఒక ఊరు. మా ఇంటి దగ్గర నుంచి సముద్రం కనపడదు గానీ రాత్రిపూట హోరు మాత్రం బాగా వినపడుతుంది. పాత పెంకుటిల్లు తీసేసి కింద ఒకటి, పైన ఒకటి కడుతున్నాం, శ్లాబు 1,200 అడుగులు వస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను, నెలకోసారి వస్తాను, సైట్ దగ్గర నిలబడేది మా నాన్నే. మెటీరియల్‌తో సహా అడుగు రేటుకి మాట్లాడుకున్నాం. మొన్న కాంట్రాక్టర్ నాలుగు పేజీల స్పెసిఫికేషన్ ఇచ్చి ఆదివారం లోపు సంతకం పెట్టమన్నాడు. అందులో ఉన్నవి ఉన్నట్టు కొన్ని లైన్లు:

సిమెంట్: 53 గ్రేడ్ పీపీసీ, స్టాండర్డ్ కంపెనీ.
కాంక్రీట్: ఎం25 (1:1:2), ఐఎస్ కోడ్ ప్రకారం.
స్టీలు: ఐఎస్ఐ మార్కు టీఎంటీ లేదా సమానమైనది.
ఇటుక: ఫస్ట్ క్లాస్.
బాత్రూములకు, పై శ్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయబడును.
టైల్స్: అడుగు 50 రూపాయల వరకు.
పైన రేకుల షెడ్డు స్ట్రాంగ్‌గా బిగించబడును.
మిగతావి సైట్ ఇంజనీర్ సూచన ప్రకారం.

చదివితే అన్నీ బాగానే ఉన్నట్టు ఉంది, అదే నా భయం. నాన్నని అడిగితే "ఏట్రా, కాగితం కడతాదా ఇల్లు, మేస్త్రీ కడతాడు" అంటున్నాడు. ఇందులో ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయొచ్చు?

పలాస_జీడిపప్పు:
నాకు ఇంటి పని తెలీదు గానీ ఒకటి చెప్తాను. మా ఊళ్లో ఎవడైనా ఫోన్ చేసి "ఫస్ట్ క్వాలిటీ పప్పు పది కిలోలు పంపు" అంటే మేం సంతోషపడతాం, ఎందుకంటే ఏది పంపినా అది ఫస్ట్ క్వాలిటీయే. డబ్ల్యూ 320 గ్రేడు కావాలి అన్నాడనుకో, అప్పుడు నోరు మూసుకుని అదే పంపాలి, ఎందుకంటే పౌను బరువుకి 300 నుంచి 320 పలుకులు ఉండాలని లెక్క ఉంది, అవతలివాడు లెక్కపెట్టుకుంటాడు. నీ కాగితంలో "ఫస్ట్ క్లాస్", "స్టాండర్డ్", "స్ట్రాంగ్‌గా" చూస్తే నాకు మా షాపు గుర్తొచ్చింది, అంతే.

పాత_ఎంబుక్:
ప్రభుత్వ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. జీడిపప్పు బాబు చెప్పిందే అసలు సంగతి, నేను దాన్నే మీ లైన్ల మీద పెట్టి చెప్తాను.

మొదటి లైనే తప్పు బాబూ. 53 గ్రేడ్ అనేది ఓపీసీకి, అంటే ఏమీ కలపని మామూలు సిమెంటుకి ఉంటుంది. పీపీసీకి, అంటే బూడిద కలిపిన సిమెంటుకి, 43, 53 అని గ్రేడులు లేవు, దాని ఐఎస్ కోడ్ (భారత ప్రమాణం) వేరు, ఐఎస్ 1489. రెండూ కలిపి రాశాడంటే రేపు ఏది తెచ్చినా కాగితంలో ఉన్నట్టే. పీపీసీ చెడ్డదని కాదు, సముద్రం పక్కన అదే మంచిది, కానీ దానికి నీళ్లు ఎక్కువ రోజులు కట్టాలి. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి కనీసం 7 రోజులు, ఇలాంటి కలిపిన సిమెంట్లకి కనీసం 10 రోజులు, వీలైతే 14. మీ నాలుగు పేజీల్లో క్యూరింగ్ (ఈ నీళ్లు కట్టడం) అన్న మాట ఎక్కడైనా ఉందా చూడండి. నీళ్లు ఎవరు పెట్టాలి, మోటారు కరెంటు ఎవరిది అన్నది కూడా. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

రెండో లైను ఇంకా ప్రమాదం. ఎం25 అన్నా ఒప్పుకుంటాను, 1:1:2 అన్నా ఒప్పుకుంటాను, రెండూ ఒకే లైన్లో రాస్తే ఒప్పుకోను. ఎం25 అంటే 28 రోజులకి క్యూబు (పరీక్షకి పోసిన కాంక్రీటు దిమ్మ) పగలగొడితే చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్లు రావాలి, ఎలా తెస్తావో నీ ఇష్టం, వచ్చే ఫలితానికి నువ్వే పూచీ అని అర్థం. 1:1:2 అంటే సిమెంటు, ఇసుక, పిక్క (కంకర) ఈ పాళ్లలో కలుపు చాలు, ఫలితం నేను అడగను అని అర్థం. రేపు క్యూబు ఫెయిలైతే "సార్, మీరు చెప్పినట్టే 1:1:2 కలిపాను కదా" అంటాడు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. పైగా ఐఎస్ 456లో ఇలా పాళ్లతో కలిపే నామినల్ మిక్స్ ఎం20 వరకే. ఎం25 నుంచి డిజైన్ మిక్స్, అంటే ల్యాబులో పాళ్లు తేల్చడం, చేయించాలి. అంటే "ఐఎస్ కోడ్ ప్రకారం" అని ఆయన రాసిన మాటే ఆయన రాసిన బ్రాకెట్‌ని కొట్టేస్తోంది.

ఇటుకకి క్లాసు అంటే అంకె ఉంటుంది: 3.5, 5, 7.5 అని, అది బలం. బట్టీ వాడి చీటీలో అది దొరకదు కాబట్టి ఇంటి పనికి ఇలా రాయించండి: 24 గంటలు నీళ్లలో నానబెట్టి తూస్తే బరువు 20 శాతం కంటే పెరగకూడదు. మీ నాన్నగారు కాటా మీద తానే చూసుకోవచ్చు.

దోహా_సైట్:
తమ్ముడూ, మాది సోంపేట. పన్నెండేళ్లుగా ఖతర్‌లో సైట్లలో ఉన్నాను, ఇక్కడ క్యూసీఎస్ అని ఖతర్ నిర్మాణ స్పెసిఫికేషన్ల పుస్తకం ఉంది, దాన్ని పక్కన పెట్టుకోకుండా మేం గోడ కూడా కట్టం. వచ్చిన కొత్తలో నాకు అదంతా దండగ అనిపించేది. తర్వాత ఒక అమెరికా కన్సల్టెంట్ ప్రాజెక్టులో పడ్డాను, వాళ్ల స్పెసిఫికేషన్లో ప్రతి సెక్షనూ మూడు ముక్కలు: మొదటి ముక్క ఎవరు ఏ కాగితాలు, ఏ శాంపిళ్లు ఇవ్వాలి, రెండోది ఏ వస్తువు, మూడోది ఎలా పని చేయాలి, ఎలా చెక్ చేయాలి. టైల్స్ సెక్షన్ తెరిచినా అంతే, పెయింట్ తెరిచినా అంతే.

ఇప్పుడు నీ కాగితం చూడు. అన్నీ రెండో ముక్కే, ఏ వస్తువు అని మాత్రమే ఉంది. "వాటర్‌ప్రూఫింగ్ చేయబడును" అన్నాడు. ఏం పూస్తాడు, ఎన్ని కోట్లు, గోడ మీద ఎంత ఎత్తు వరకు, పూశాక చెక్ ఎలా? మేమైతే బాత్రూంలో గట్టు కట్టి నీళ్లు నిలిపి కింద గది సీలింగ్ చూస్తాం, తడి కనపడితే డబ్బులు ఆగిపోతాయి. నువ్వు కూడా "టైల్స్ వేసే ముందు 24 గంటలు నీళ్లు నిలిపి చూడాలి, కారితే సొంత ఖర్చుతో మళ్లీ చేయాలి" అని ఒక్క వాక్యం చేర్చు, మిగతా వర్ణన లేకపోయినా ఫర్వాలేదు.

"లేదా సమానమైనది" అనే మాట తప్పు కాదు, ఇక్కడ కూడా ఉంటుంది. కానీ ఇక్కడ ఆ సమానమైనది ముందే చూపించి మా చేత ఒప్పించుకోవాలి, ఆ తర్వాతే లారీ ఎక్కుతుంది. సమానమో కాదో తేల్చేది ఎవరో నీ కాగితంలో లేదు, కాబట్టి తేల్చేది ఆయనే. స్టీలుకి "ఎఫ్ఈ 500డి, ఐఎస్ 1786" అని రాయించు. డి అంటే సాగే గుణం ఎక్కువ, మామూలు 500కి కనీసం 12 శాతం సాగాలి, 500డికి 16. కమ్మీ మీదే అచ్చు ఉంటుంది చదువుకోవడానికి. బరువు కూడా చూడొచ్చు, మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. 12 ఎంఎం కమ్మీ 12 మీటర్ల పొడవుంటే సుమారు 10.67 కిలోలు, 5 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. 10 కిలోల లోపు తూగితే దింపనివ్వకు.

ఇంకోటి, ఇంగ్లిష్ కాగితం వస్తే "షల్" అన్న చోట తప్పనిసరి, "షుడ్" అన్న చోట చేస్తే మంచిది అని అర్థం. తెలుగులో "చేయబడును" అంటే ఎవరు చేస్తారో ఎవరికీ తెలీదు, ఆ మాట ఎక్కడ కనపడినా కొట్టేసి "కాంట్రాక్టర్ చేయాలి" అని రాయి.

కోట_జంక్షన్:
నేను విజయనగరంలో మూడేళ్ల కింద ఇల్లు కట్టించాను, మా వారు మిలిటరీలో, అంతా నేనే చూసుకున్నాను, కాబట్టి ఏడుపు కూడా నాదే. ఆ "50 రూపాయల వరకు" లైను దగ్గర ఆగండి. మాదీ అలాగే ఉండేది, 45 అని. షాపుకి వెళ్లి 45 టైల్ నచ్చి చూపిస్తే, అది ట్యాక్స్ లేకుండా రేటా, ఉందా? రవాణా ఎవరిది? అంచుల దగ్గర కోతకి పోయే ముక్కలు ఎవరి లెక్క? అన్నీ కలిపితే 58 అయింది, పై 13 నేను కట్టాను. "వరకు" అన్నాడు కాబట్టి 28 రూపాయల టైల్ వేసినా మాట తప్పినట్టు కాదని తర్వాత తెలిసింది.

దానికంటే పెద్ద దెబ్బ ఏంటంటే అడుగు రేటు అన్నారు గానీ ఏ అడుగు? మా కాగితంలో ఎక్కడా లేదు. చివరికి బిల్లులో బాల్కనీ పూర్తిగా, సన్‌షేడ్లు సగం, మెట్ల మీద శ్లాబు రెండుసార్లు కలిశాయి. నేను ప్లాన్ కాగితం తీసి స్కేలు పెట్టి కొలిచి మరీ గొడవపడ్డాను, సగం మాత్రం తగ్గింది. అందుకే కొలతల లైను లేని స్పెసిఫికేషన్ మీద సంతకం పెట్టకండి. ఎక్స్‌ట్రా పని ఏదైనా ముందు రేటు రాసి సంతకం అయ్యాకే మొదలవ్వాలి అని కూడా. స్విచ్ పాయింట్లు గదికి ఎన్ని అన్నది ఇప్పుడే రాసుకోండి, గృహప్రవేశం ముందు రోజు ఎవరికీ ఓపిక ఉండదు.

తాపీ_తమ్ముడు:
అందరూ పెద్దవాళ్లు చెప్పారు, నేనొక్క మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. మా నాన్న ముప్పై ఏళ్లుగా తాపీ మేస్త్రీ, నర్సన్నపేట చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు కట్టాడో ఆయనకే లెక్క లేదు. ఇన్నేళ్లలో ఒక్క ఓనరు కూడా, ఒక్క కాంట్రాక్టర్ కూడా స్పెసిఫికేషన్ కాగితం ఆయనకి చూపించలేదు. మీరు ఇక్కడ 1:1:2, ఎం25 అని కొట్టుకుంటున్నారు గానీ మిక్సర్ దగ్గర ఉన్నవాడికి చేరేది "ఇసుక ఇన్ని గమేళాలు, పిక్క ఇన్ని" అన్నదే, అది కూడా గమేళా నిండా పోస్తాడా, గుట్టగా పోస్తాడా అన్నది ఆ రోజు ఎండని బట్టి.

నీళ్ల సంగతి అసలు మాట్లాడకండి. పలచగా ఉంటే పని తేలిక, రాడ్ల మధ్యలోకి దానంతట అదే పోతుంది, అందుకే అందరం ఎక్కువ పోస్తాం, నేను కూడా పోశాను. ఎవరూ బస్తాకి ఇన్ని లీటర్లు అని చెప్పలేదు. గురువుగారు, అదెంతో చెప్పండి, నేనే మిక్సర్ పక్కన చాక్‌పీస్‌తో రాస్తాను.

పాత_ఎంబుక్:
తప్పు పట్టాల్సింది మమ్మల్ని తమ్ముడూ, మీ నాన్నగారిని కాదు. నీళ్లు 0.50 (సిమెంటు బరువులో సగం) అని కాగితంలో ఉంటే 50 కిలోల బస్తాకి 25 లీటర్లు, 0.45 అంటే 22.5. వాన పడి ఇసుక తడిగా ఉంటే ఆ తడి కూడా ఇందులో లెక్కే కాబట్టి ఇంకా తగ్గించాలి. బక్కెట్ మీద గీత గీస్తే చాలు. గట్టిగా ఉంది, పని నడవట్లేదు అంటే నీళ్లు కాదు, వైబ్రేటర్ పెట్టాలి, లేదా ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా పలచన చేసే మందు) కలపాలి, అది కూడా కాగితంలో ఉండాలి.

గార_కుర్రోడు:
ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ దండాలు. క్యూరింగ్ అన్న మాట నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు గురువుగారు, వెతికాను. ఇంకో అనుమానం. ఇంజనీర్ ఇచ్చిన డ్రాయింగ్‌లో శ్లాబుకి కవర్ (కమ్మీ బయట ఉండే కాంక్రీటు మందం) 20 ఎంఎం, బీముకి 25, పిల్లర్‌కి 40 అని ఉంది, శ్లాబు మందం 5 అంగుళాలు, కాంక్రీట్ ఎం20. కాంట్రాక్టర్ కాగితంలో ఎం25, కవర్ గురించి "ఐఎస్ కోడ్ ప్రకారం". రెండూ వేరువేరుగా ఉంటే ఏది చెల్లుతుంది?

పాత_ఎంబుక్:
ప్రభుత్వ పనుల్లో దీనికి వరస ఉంటుంది. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) ఒప్పందాల్లో చూస్తే ముందు ఐటెమ్ షెడ్యూల్‌లోని వర్ణన, తర్వాత ఆ పనికి ప్రత్యేకంగా రాసిన స్పెసిఫికేషన్, షరతులు, తర్వాత డ్రాయింగు, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ స్పెసిఫికేషన్ పుస్తకం, చివర్న ఐఎస్ కోడ్. జనం అనుకున్నట్టు కోడ్ అన్నిటికంటే పైన కాదు, కింద ఉంటుంది. మీది ప్రైవేటు ఒప్పందం, అందులో వరస మీరే రాసుకోవాలి. రాయకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లది.

దోహా_సైట్:
వరస సంగతి తర్వాత గురువుగారు, ముందు ఆ ఎం20, కవర్ 20 చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఐఎస్ 456లో ఆ రెండూ "మైల్డ్" వాతావరణానికి. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి "సివియర్", అంటే కనీసం ఎం30, కవర్ 45, నీళ్లు 0.45, ఘనమీటరుకి సిమెంట్ కనీసం 320 కిలోలు. ఇతను రాత్రి హోరు వినపడే దూరంలో ఉన్నాడు.

పాత_ఎంబుక్:
మొత్తం ఇంటికి సివియర్ అంటే నేను ఒప్పుకోను. ఉప్పుగాలి నేరుగా తగలకుండా చాటున ఉన్న కాంక్రీటుకి అదే కోడ్‌లో "మోడరేట్" ఉంది, ఎం25, కవర్ 30. ఇంటి లోపలి బీములకి అది సరిపోతుంది. సన్‌షేడ్లు, పిట్టగోడ, బయట మెట్లు, పై శ్లాబు మాత్రం నువ్వు చెప్పినట్టే.

దోహా_సైట్:
నేను మా వీధిలోనే చూశాను గురువుగారు, తిత్లీ తర్వాత 2018లో సెలవు మీద వస్తే తుపానుకి పడిపోయిన ఇళ్ల కంటే, పెచ్చులూడి కమ్మీలు తుప్పు పట్టి బయటికొచ్చిన సన్‌షేడ్లే ఎక్కువ కనపడ్డాయి, అవి తుపాను పని కాదు, పదిహేనేళ్ల ఉప్పుగాలి పని. మీరన్నట్టు లోపలికి మోడరేట్ పెడితే ఒకే ఇంట్లో రెండు రకాల కాంక్రీట్, తాపీ తమ్ముడి మిక్సర్ దగ్గర అది నడుస్తుందా చెప్పండి.

తాపీ_తమ్ముడు:
నడవదన్నా. ఒకే రోజు పోతలో రెండు రకాలంటే మధ్యాహ్నానికి ఒకటే రకం అవుతుంది.

పాత_ఎంబుక్:
ఆ మాటకి నేను తగ్గుతాను. కానీ బాబూ, ఒక హెచ్చరిక. ఇది చదివి రేపు మేస్త్రీకి కవర్ కోసం కమ్మీ కింద పెట్టే బిళ్ళలు 20 బదులు 45 ఎంఎంవి ఇచ్చేయకండి. 5 అంగుళాల శ్లాబులో కింది కమ్మీని అంత పైకి లేపితే శ్లాబు బలం పడిపోతుంది. కవర్ మారితే మందం మారాలి, కమ్మీ లెక్క మారాలి, అది డ్రాయింగ్ వేసిన ఇంజనీరే చేయాలి. ఆయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: మా సైటుకి ఏ ఎక్స్‌పోజర్ (మైల్డ్, సివియర్ లాంటి వాతావరణం) తీసుకున్నారు? జనరల్ నోట్స్ అని డ్రాయింగ్ కుడి పక్కన చిన్న అక్షరాలతో ఉంటుంది, ఎవరూ చదవరు.

పలాస_జీడిపప్పు:
ఆ రేకుల షెడ్డు గురించి ఎవరూ మాట్లాడలేదే. తిత్లీలో మా పక్కింటి రేకులు మా జీడితోటలో దొరికాయి. అవి కూడా "స్ట్రాంగ్‌గా" బిగించినవే.

దోహా_సైట్:
నిజమే, మర్చిపోయాను. పైపు మందం, బోల్టు సైజు, ఎన్ని అడుగులకి ఒక బోల్టు, అంచు వరసలో ఇంకా దగ్గరగా, స్తంభాలు శ్లాబు కమ్మీకి ఎలా కలుస్తాయి, ఇవి ఇంజనీర్ చేత గీయించు. లేదంటే షెడ్డే వద్దని రాసెయ్, డబ్బులు మిగులుతాయి.

ఆరోఅంతస్తు:
మధ్యలో దూరుతున్నాను. నేను ఫ్లాట్ కొంటున్నాను, బ్రోచర్‌లో స్పెసిఫికేషన్స్ అని ఒక పేజీ ఉంది. ఇదంతా నాకు కూడా వర్తిస్తుందా?

కోట_జంక్షన్:
మీకు మాకంటే నయం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2016లో వచ్చింది, అందులో 14వ సెక్షన్ చూడండి. ఒప్పుకున్న స్పెసిఫికేషన్ని మీ అంగీకారం లేకుండా బిల్డర్ మార్చకూడదు, ఇల్లు అప్పజెప్పాక ఐదేళ్ల లోపు కట్టడంలో, పనితనంలో లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. బ్రోచర్ పేజీ అగ్రిమెంట్‌కి జత అయిందో లేదో చూసుకోండి. మన సొంత స్థలంలో కాంట్రాక్టర్ చేత కట్టించుకునే ఇంటికి ఈ చట్టం రాదు, కాబట్టి గార బాబూ, లోపాలకి ఎన్నాళ్లు పూచీయో మీరే రాయించుకోండి. కొంత డబ్బు అప్పటి వరకు ఆపుకోండి.

గార_కుర్రోడు:
ఆలస్యంగా రాస్తున్నాను, పది రోజులు ఊళ్లోనే ఉన్నాను. జనరల్ నోట్స్ చదివాను. మూడో లైనులో "ఎక్స్‌పోజర్: మైల్డ్" అని ఉంది. ఇంజనీర్‌కి ఫోన్ చేస్తే ముందు కోప్పడ్డాడు, తర్వాత సైట్ శ్రీకాకుళం టౌనులో అనుకున్నానని ఒప్పుకున్నాడు. ప్లాన్ మీద మా ఊరి పేరు ఉంది, అయినా సరే. మళ్లీ లెక్క వేసి శ్లాబు 6 అంగుళాలు, మొత్తం ఎం30, కవర్లు మార్చి కొత్త డ్రాయింగ్ ఇచ్చాడు.

కాంట్రాక్టర్‌తో కూర్చోవడమే కష్టమైంది. "ఇన్నేళ్లుగా ఎవరూ ఇలా అడగలేదు" అన్నాడు. నేను గట్టిగా మాట్లాడలేదు, జీడిపప్పు గారి పౌను లెక్క చెప్పాను, నవ్వాడు, అక్కడి నుంచి కొంచెం తేలికైంది. బ్రాకెట్‌లో 1:1:2 కొట్టేశాం. డిజైన్ మిక్స్ ల్యాబులో చేయించడం ఆయన ఖర్చు. శ్లాబుకి తొమ్మిది క్యూబులు, 16 నుంచి 30 ఘనమీటర్ల వరకు మూడు శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కి మూడు క్యూబులు అని కోడ్‌లో ఉందట, అది నా ఖర్చు, ఫెయిలైతే ఆయనది. అడుగుకి 60 ఎక్కువ అడిగాడు, 40కి తెగింది. కొలతల లైను, ఎక్స్‌ట్రా లైను, నీళ్ల లైను, బాత్రూం టెస్టు, టైల్స్‌కి ట్యాక్స్, రవాణా కలిపి 50, అన్నీ చేరాయి. షెడ్డు తీసేశాం. డ్రాయింగే పైన, తర్వాత ఈ కాగితం అని వరస కూడా రాశాం. పూచీ ఐదేళ్లు అడిగితే ఒప్పుకోలేదు, రెండేళ్ల దగ్గర ఆగింది, చివరి వాయిదాలో కొంత ఆరు నెలలు నా దగ్గరే ఉంటుంది.

తాపీ_తమ్ముడు చెప్పినట్టు మిక్సర్‌కి పట్టే పాళ్లు తెలుగులో రేకు మీద రాయించి గోడకి కొట్టాం. బక్కెట్‌కి గీత కూడా.

పాత_ఎంబుక్:
బాగుంది బాబూ. ఫుటింగులకి (పునాది దిమ్మలకి) కవర్ 50 ఉందా చూసుకోండి. బిళ్ళలు సైట్లో సిమెంట్‌తో పోసినవా, కొన్నవా?

గార_కుర్రోడు:
కొన్నవే గురువుగారు. నిన్న నాన్న ఫోన్ చేసి బస్తాలో బిళ్ళలు సగం 40వి, సగం 50వి కలిసిపోయి వచ్చాయని, కూర్చుని టేపుతో కొలిచి వేరు చేస్తున్నానని చెప్పాడు. కాగితం ఇల్లు కడతాదా అన్న మనిషి. 40వి వెనక్కి పంపేయాలా, పిల్లర్లకి వాడొచ్చా?

దోహా_సైట్:
కొత్త డ్రాయింగ్‌లో పిల్లర్‌కి ఎంత ఉందో చూసి చెప్పు, 45 అయితే వెనక్కే.